తిరుగుదామా

పేరేందమ్మా అంటే "వీబ్కె" అన్నది.
పదకొండు మంచాలు ఒక్కసారి నవ్వినయ్.
వీపుకే నట!
నడుము కిందికి ఏ కబురూ అందని మా కోసం
చర్చోళ్లు ఏరికోరి పంపిన పిల్ల,
పేర్లనే డ్యూటీ రాసుకొని వచ్చింది.

జర్మనీల ఏదో సముద్రం ఒడ్డు ఊరు. పందొమ్మిదేండ్లు.
కాలేజీకి ముందు ఒక ఏడాది దేవునికిస్తానని
బొల్లారంల దిగింది, వానల, మందపు బూట్లతోని.
వారంలనే బూట్లు పొయ్యి స్లిప్పర్లొచ్చినయ్.
పప్పుచారు మోచేతి దాకా కారించుకుంట తిన్నది.
గేటు కాడి కుక్కను "మీరు రండి" అన్నది,
సూపరింటెండెంటు సారును "నువ్వు పో" అన్నది.

రెండు గంటలకోసారి మమ్మల్ని మళ్లెయ్యాలె,
లేకుంటే పుండ్లు పడతయ్.
ఎడమకు, కుడికి, బోర్లకు.
దానికి మాట ఎవరు నేర్పిన్రో, డిక్షనరీల దొరికిందో,
మంచం పక్కన నిలబడి, చేతులకు పౌడర్ రాసుకొని
"తిరుగుదామా అన్నా?" అన్నది.

తిరుగుదామా!
గచ్చిబౌలిల నాలుగో అంతస్తు పరంజ మీదికెల్లి,
బ్రష్షు చేతుల ఉండంగనే పడ్డోన్ని.
ఆరేండ్ల సంది రోడ్డు సూడనోన్ని.
ఎవ్వరం దిద్దలే.
"పా, కోఠికి పోదాం" అన్న.
ఎడమకు తిప్పింది.
నడుము దాటినంక ఆ చెయ్యి ఎటు పోతదో నాకు తెలువది,
పౌడర్ వాసనతోని అంచనా.

"ఖుద్దూస్ భాయ్, తిరుగుదామా?"
"షాలిబండకు బేటీ. జెర నిమ్మళంగ, రష్ ఉంటది."
బాలనర్సు రోజుకో సినిమా హాలు చెప్పెటోడు,
మూతబడ్డయి గూడ.
ఒడిశా పిలగాడు తపన్‌కు పట్నం తెలువది,
రైలు దిగి సైటుకు, సైటు నుంచి ఇక్కడికి.
"నువ్వే చెప్పు దీదీ" అనెటోడు.
ఆమెకు మంచిగ తెలిసిన తావు ఒక్కటే.
షిఫ్టుకు నాలుగుసార్లు
ఇద్దరూ బొల్లారం స్టేషనుకు పోయొచ్చెటోళ్లు.

డిసెంబర్ల కిటికీకి కాగితం నక్షత్రం కట్టినం,
బల్బు బాలనర్సే సెట్ చేసిండు, చక్రాల కుర్చీల కూసొని.
ఆ రాత్రి మెట్ల మీద ఫోన్ పట్టుకొని ఏడ్చింది.
మేం నిద్రపోయినట్టు చేసినం.
అది మాకు బాగొచ్చు.

ఎండలు ముదిరినంక తపన్‌కు జ్వరమొచ్చింది.
పాత పుండే, లోపలికి పోయింది.
గాంధీకి తీసుకపోయిన స్ట్రెచర్ ఉత్తగ వచ్చింది.
ఆ రాత్రి రెండింటికి
చేతులకు పౌడర్ రాసుకుంట వచ్చి
అలవాటుల ఆ మంచం కాడ ఆగి
"తిరు" అన్నది.
అంతే.
కొత్త దుప్పటి మీద తెల్లగ ఐదు వేళ్లు.

రోజూ అల్మారి పక్కన నిలబడి కండ్లు మూసుకునే పిల్ల
పొద్దున ఖుద్దూస్ భాయ్‌తోని అన్నది:
"ప్రార్థన రాలేదు భాయ్."
మాట తప్పో, సరైందో.
ఆయన తస్బీ దిండు మీద పెట్టి,
"వస్తది బేటీ. ఒక్కోపారి లేటు నడుస్తది.
స్టేషన్ల కూసొనుండాలె."
నవ్విందో ఏడ్చిందో,
నేను బోర్ల ఉంటిని, కనబడలే.

ఏడాది అయింది, పోయింది.
పోయేటప్పుడు స్లిప్పర్లు ఇక్కడనే ఇడిచింది,
ఎవ్వరికీ పనికిరావు ఈ వార్డుల.

కొత్త పిలగాడొచ్చిండు, ఆ దిక్కోడే, పొడుగ్గ.
తెలుగు పుస్తకంల నేర్చిండు, ఒక్క తప్పు లేదు:
"అన్నగారూ, దయచేసి పక్కకు ఒత్తిగిల్లండి."
వార్డుల సప్పుడు లేదు.
ఖుద్దూస్ భాయ్ నా దిక్కు చూసిండు.
"అట్ల గాదు తమ్మీ" అన్న,
"ఇక్కడ దానికి వేరే మాట ఉంటది.
నేర్పుత. ముందుగాల పౌడర్ రాసుకో."